ఓట్ల లెక్క సరే, హద్దుల లెక్క ఎవరు చూస్తున్నారు?

2019 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి. సీట్లు 23. ఐదేళ్ల తర్వాత 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ ఇంచుమించు అన్నే ఓట్లు, 39 శాతం పైచిలుకు. సీట్లు 11. పది మందిలో నలుగురు ఓటేసిన పార్టీకి 175 సీట్ల సభలో దక్కినవి ఇవి. 2019లో పోలింగ్ ముగియగానే చంద్రబాబు ఈవీఎంలను అనుమానించారు. 2024లో ఫలితాలొచ్చాక జగన్ బ్యాలెట్ పేపరే మేలన్నారు. పార్టీలు మారాయి, అనుమానం మాత్రం రెండుసార్లూ మెషీన్ మీదే.

ఆ అనుమానాన్ని కొట్టిపారేయమని నేననను. కానీ 39 శాతం ఓట్లకు 11 సీట్లే ఎందుకొచ్చాయన్నదానికి జవాబు కౌంటింగ్ హాల్లో దొరకదు. ఎన్నిక న్యాయంగా జరిగిందా అని అడిగేటప్పుడు మనం మూడు సంగతులు కలిపేస్తుంటాం. వేసిన ఓటును వేసినట్టే లెక్కపెట్టారా అన్నది ఒకటి. లెక్క తేలిన ఓట్లు సీట్లుగా మారే పద్ధతి ఎలాంటిదన్నది ఇంకొకటి. అసలు ఏ ఊరివాళ్లు ఏ నియోజకవర్గంలో ఓటేయాలో తేల్చే హద్దు ఎవరు గీశారు, ఎలా గీశారన్నది మూడోది. మొదటిదాని మీద వేల కళ్లుంటాయి. మూడోదాన్ని పట్టించుకునేవాళ్లు బహు తక్కువ. నా బాధంతా అక్కడే.

ముందు లెక్కింపు చూద్దాం. పోలింగ్ ముగిసిన సాయంత్రం ప్రతి బూత్‌లో ప్రిసైడింగ్ అధికారి ఫారం 17సీ నింపుతారు. ఏ నంబరు మెషీన్ వాడారో, మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో అందులో ఉంటుంది. దాని కాపీని పోలింగ్ ఏజెంట్ల చేతికిస్తారు. లెక్కింపు రోజు కౌంటింగ్ ఏజెంటు ఆ కాగితం పట్టుకుని జాలీకి ఇవతల కూర్చుంటాడు. అవతల సిబ్బంది ఓట్లు నమోదై ఉన్న కంట్రోల్ యూనిట్ సీలు చూపిస్తారు, నంబరు చదువుతారు, బటన్ నొక్కుతారు. తెర మీద వచ్చే మొత్తం 17సీలో ఉన్న అంకెతో కలవాలి. సాధారణంగా ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు 14 టేబుళ్లు వేస్తారు కాబట్టి 14 బూత్‌లు కలిపి ఒక రౌండు. చివర్లో ప్రతి సెగ్మెంటులో లాటరీ తీసి ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలను (ఓటు ఎవరికి పడిందో చూపిస్తూ మెషీన్ అచ్చువేసే కాగితాలను) చేత్తో లెక్కపెట్టి మెషీన్ అంకెతో పోలుస్తారు. ఇదివరకు ఒక్క బూత్‌తోనే సరిపెట్టేవాళ్లు. చంద్రబాబు, మరికొందరు ప్రతిపక్ష నేతలు వేసిన పిటిషన్ మీద 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఐదు చేసింది. చీటీలన్నీ లెక్కించాల్సిందేనన్న వాదనను 2024 ఏప్రిల్‌లో ఒప్పుకోలేదు. కాకపోతే రెండో, మూడో స్థానంలో నిలిచిన అభ్యర్థులు అడిగితే ఐదు శాతం మెషీన్లను ఇంజినీర్లతో తనిఖీ చేయించే వీలు కల్పించింది.

హాల్లో అసలు రగడంతా పోస్టల్ బ్యాలెట్ల దగ్గరే. 2014లో మంగళగిరి 12 ఓట్లతో తేలింది. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో. 1989లో అనకాపల్లి పార్లమెంటు సీటు మరీ 9 ఓట్ల తేడాతో. ఇంత దగ్గరి పోటీలో ఒక కవరులో డిక్లరేషన్ మీద సంతకం ఉందా, సీలు ఉందా అన్నదే గెలుపోటములు తేల్చేస్తుంది. 2024లో ఏపీలో పోస్టల్ బ్యాలెట్‌తో పాటు పంపే 13ఏ డిక్లరేషన్ మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఉంటే చాలు, పేరూ సీలూ లేకపోయినా చెల్లుతుందని ఎన్నికల సంఘం చెబితే వైసీపీ హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండు చోట్లా చుక్కెదురైంది. లెక్కింపు మీద ఎంత నిఘా ఉందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఒక చిన్న రబ్బరు స్టాంపు కోసం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లారు.

లెక్కింపులో నాకు నిజంగా తప్పనిపించేది వేరే ఉంది. పేపర్ బ్యాలెట్ల కాలంలో అవసరమనుకున్నచోట వేర్వేరు బూత్‌ల పత్రాలు కలిపేసి లెక్కపెట్టే నిబంధన ఉండేది. ఈవీఎం వచ్చాక బూత్‌ల వారీ లెక్క బయటికొస్తోంది. ఫలానా ఊళ్లో, ఫలానా కాలనీలో ఎవరికెన్ని పడ్డాయో మర్నాటికల్లా ఊరందరికీ తెలిసిపోతుంది. ‘మీ బూత్‌లో మనకు మైనస్ ఎందుకొచ్చింది?’ అని సర్పంచిని నిలదీయడం, ఆ వాడకు రోడ్డు ఆపేయడం మన పల్లెలకు తెలియనివి కావు. ఓటు రహస్యం మనిషికి దక్కింది గానీ వాడకు దక్కలేదు. పద్నాలుగు మెషీన్ల ఓట్లు కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా పెట్టమని చెప్పింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూత్ లెక్క తెలిస్తేనే ఎక్కడ బలహీనంగా ఉన్నారో పార్టీలు తెలుసుకుంటాయన్న వాదన ఉంది. ఓటరు భయం కన్నా పార్టీ సౌకర్యం ఎక్కువని నేను ఒప్పుకోలేను.

ఇక ఓట్లు సీట్లయ్యే పద్ధతి. ప్రతి నియోజకవర్గంలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లే గెలుస్తారు, మిగతా ఓట్లకు ఆ సభలో ఏ విలువా ఉండదు. అందుకే ఎన్ని ఓట్లు వచ్చాయన్నదెంత ముఖ్యమో ఎక్కడ వచ్చాయన్నదీ అంతే ముఖ్యం. 2024లో ఒడిశాలో బిజూ జనతాదళ్‌కు 40.2 శాతం, బీజేపీకి 40.1 శాతం. గెలిచింది బీజేపీ, 78 సీట్లతో. ఎక్కువ ఓట్లొచ్చిన బీజేడీకి 51. జనసేన 2019లో ఐదున్నర శాతం ఓట్లతో ఒక్క రాజోలు గెలిచింది. 2024లో పొత్తులో 21 చోట్లే పోటీ చేసి, 7 శాతం లోపు ఓట్లతో 21కి 21 గెలిచింది. 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో ఎంఐఎం 51 డివిజన్లలోనే నిలబడి సుమారు 19 శాతం ఓట్లతో 44 గెలుచుకుంది. ఆ పార్టీ ఓట్లు పాతబస్తీ, దాని చుట్టుపక్కల గుమిగూడి ఉన్నాయి కాబట్టి. జనసేన 2019 ఓట్లు రాష్ట్రమంతా చెదిరిపోయాయి కాబట్టి.

ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది పెద్ద చర్చ. చాలా దేశాలు ఓట్ల వాటాకు తగ్గట్టు సీట్లిచ్చే పద్ధతులు పెట్టుకున్నాయి. ఇక్కడ నాకు కావాల్సింది ఒకటే. ఎక్కడి ఓట్లన్నది ఇంత ముఖ్యమైనప్పుడు ఆ ‘ఎక్కడ’ను నిర్ణయించే గీతకు ఎంత బలం ఉంటుందో ఆలోచించండి.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక పట్నంలో ఐదు వార్డులు, వార్డుకు వంద మంది చొప్పున ఐదువందల ఓటర్లు. మూడొందల మంది ఒక పార్టీ, రెండొందల మంది ఇంకో పార్టీ. ప్రతి వార్డులో అరవై మంది వాళ్లు, నలభై మంది వీళ్లు ఉండేలా గీత గీస్తే పెద్ద పార్టీ ఐదుకి ఐదు గెలుస్తుంది. ఇప్పుడు గీత మార్చండి. చిన్న పార్టీ మనుషులను మూడు వార్డుల్లో అరవై మంది చొప్పున పెట్టి, మిగిలిన ఇరవై మందిని రెండు వార్డుల్లో పది మంది చొప్పున సర్దండి. మూడు వార్డులు 60–40తో చిన్న పార్టీవి. రెండు వార్డులు 90–10తో పెద్ద పార్టీవి. ఒక్క ఓటు మారలేదు, ఒక్క ఓటు దొంగిలించలేదు, లెక్కింపులో ఏ తప్పూ లేదు. నలభై శాతం మంది పార్టీ మున్సిపాలిటీ గెలిచింది. హద్దులతో ఆడుకునేవాళ్లు చేసేది ఈ రెండు పనులే. ఎదుటివాళ్ల ఓటర్లను ఒకటి రెండు చోట్ల కుక్కి భారీ మెజారిటీలతో గెలవనివ్వడం, లేదా ముక్కలు చేసి ఎక్కడా గెలవకుండా చూడడం.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ గీతలు గీసేది చట్టసభల్లో ఉన్న పార్టీవాళ్లే. 2018లో విస్కాన్సిన్ అసెంబ్లీకి డెమొక్రాట్లకు 53 శాతం ఓట్లొచ్చినా 99లో 36 సీట్లే దక్కాయి. ఇలాంటి పక్షపాతపు గీతల తగవులో తాము తలదూర్చలేమని అక్కడి సుప్రీంకోర్టు 2019లో చెప్పేసింది. 2025లో టెక్సస్‌లో రిపబ్లికన్లు పదేళ్ల గడువు ఆగకుండానే మధ్యలో మ్యాపు మార్చారు. దానికి పోటీగా కాలిఫోర్నియాలో డెమొక్రాట్లు ఓటింగ్ పెట్టి తమ మ్యాపు మార్చుకున్నారు. డాలస్ చుట్టుపక్కల, బే ఏరియాలో ఓటుహక్కున్న తెలుగువాళ్లకు ఇది దూరపు వార్త కాదు.

మన దగ్గర లోక్‌సభ, అసెంబ్లీ హద్దులు పార్టీల చేతిలో లేవు. అది నిజంగా గొప్ప విషయం. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవారో పదవీ విరమణ చేసినవారో అధ్యక్షులుగా, కేంద్ర, రాష్ట్ర ఎన్నికల కమిషనర్లు సభ్యులుగా నియోజకవర్గాల పునర్విభజన (డీలిమిటేషన్) కమిషన్ ఉంటుంది. ఒక్కో రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు అనుబంధ సభ్యులు. వాళ్లు మాట్లాడొచ్చు, ఓటేయడానికి లేదు. కమిషన్ తుది ఉత్తర్వును మార్చే అధికారం పార్లమెంటుకు కూడా లేదు. కోర్టులు కూడా చాలాకాలం చేయి పెట్టలేదు. పూర్తిగా ఏకపక్షంగా, రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉంటే పరిశీలించవచ్చని 2024లో సుప్రీంకోర్టు కాస్త తలుపు తెరిచింది.

గీత వంకరగా ఉంటే మోసమని అనుకోకూడదు. అరకు పార్లమెంటు సీటునే తీసుకోండి. 2008లో కొత్తగా పుట్టింది. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం దాని సెగ్మెంట్లు. అప్పటి జిల్లాల లెక్కన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పుగోదావరి, నాలుగు జిల్లాల్లో పరచుకుంది. ఒడిశా సరిహద్దు వెంట కొండలు పట్టుకుని కిందికి గోదావరి దాకా వస్తుంది. ఎంపీ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాలంటే ఘాట్ రోడ్ల మీద పగలంతా ప్రయాణమే. మ్యాపులో చూస్తే అమెరికా మ్యాపులకు తీసిపోదు. కానీ కారణం వేరు. గిరిజన జనాభా శాతం ఎక్కడ ఎక్కువో అక్కడే ఎస్టీ రిజర్వుడు సీటు పెట్టాలని చట్టం చెబుతోంది. మన్యం సన్నగా, పొడుగ్గా ఉంది కాబట్టి సీటూ అలాగే ఉంది. దాన్ని గుండ్రంగా గీస్తే మైదానపు ఓటర్లు గిరిజనులను మించిపోతారు. 2022లో జిల్లాలను పార్లమెంటు సీట్ల ప్రకారం చేసినప్పుడు అరకును మాత్రం అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం అని రెండు చేయాల్సి వచ్చింది. కలెక్టరాఫీసుకు జనం వెళ్లగలగాలి కదా.

వంకర గీత న్యాయమైనదైతే, చక్కగా ఉన్న గీత అన్యాయం చేయొచ్చు. మల్కాజిగిరి చూడండి. సిద్దిపేట, హనుమకొండ, మిర్యాలగూడ, భద్రాచలం పార్లమెంటు సీట్లు 2009 ఎన్నికలతో కనుమరుగై మల్కాజిగిరి, చేవెళ్ల, జహీరాబాద్, భువనగిరి, మహబూబాబాద్ వచ్చాయి. లెక్క 2001 జనాభాది. ఆ తర్వాత హైదరాబాద్ ఆ దిక్కుగా ఎంత పెరిగిందో అందరూ చూశారు. 2024 నాటికి మల్కాజిగిరి ఓటర్లు 37 లక్షలు దాటి దేశంలోనే అతిపెద్ద సీటైంది. లక్షద్వీప్‌లో 58 వేల లోపే. కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి దాని లెక్క వేరనుకున్నా, ఒకే రాష్ట్రం లోపలి తేడా ఇంకా బాధిస్తుంది. 2023 తెలంగాణ ఎన్నికల్లో శేరిలింగంపల్లిలో 7 లక్షలకు పైగా ఓటర్లు. భద్రాచలంలో లక్షన్నర లోపు. ఇద్దరికీ ఒక్కో ఎమ్మెల్యే. మాదాపూర్ ఓటరు ఓటు భద్రాచలం ఓటరు ఓటులో ఇంచుమించు ఐదో వంతే. అడవి ప్రాంతానికి, గిరిజనులకు కొంత సడలింపు ఉండాల్సిందే. దాదాపు ఐదు రెట్ల తేడా మాత్రం సడలింపు అనిపించుకోదు.

భద్రాచలం చిన్నదవడానికి ఇంకో కారణం ఉంది. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలను ఏపీలో కలిపారు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాక వైపు ఊళ్లు రంపచోడవరంలోకి, కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంలోకి వెళ్లాయి. భద్రాచలం ఊరిని ఆనుకునే ఉన్న ఎటపాక జనానికి బజారూ ఆస్పత్రీ భద్రాచలమే. ఎమ్మెల్యే మాత్రం రంపచోడవరంలో. ఈ హద్దు ఏ పునర్విభజన కమిషనూ జనం మాట విని గీసింది కాదు.

ఈ తేడాలు ఇంతగా పేరుకుపోవడానికి కారణం 1976. రాజ్యాంగం ప్రకారం ప్రతి జనగణన తర్వాత సీట్లు సర్దాలి. జనాభా తగ్గించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 42వ సవరణతో ఆపారు. 2001లో గడువు తీరబోతుంటే 84వ సవరణతో 2026 తర్వాతి జనగణన దాకా పొడిగించారు. మధ్యలో జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ రాష్ట్రాల సీట్ల సంఖ్య ముట్టుకోకుండా లోపలి హద్దులు మాత్రం 2001 లెక్కతో సరిచేసింది. ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ సీట్లు 39 నుంచి 48కి, ఎస్టీ సీట్లు 15 నుంచి 19కి పెరిగింది అప్పుడే. అంటే అంతకు ముందు పాతికేళ్లకు పైగా ఆ 13 సీట్లు దళితులకు, గిరిజనులకు దక్కకుండా ఆగిపోయాయన్నమాట. హద్దులు కదపకపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ నష్టపోయేవాళ్లుంటారు.

రాష్ట్రాల మధ్య పంపకం మీదే ఎక్కువ వాదన నడుస్తోంది. 2024 ఎన్నికల నాటికీ లోక్‌సభలో రాష్ట్రాల వాటా 1971 జనాభాదే. 2011 లెక్కలతో చూస్తే కేరళలో ఒక ఎంపీకి 16.7 లక్షల మంది, తమిళనాడులో 18.5 లక్షలు, రెండు తెలుగు రాష్ట్రాలు కలిపి 20 లక్షలు, రాజస్థాన్‌లో 27 లక్షలు. ఉన్న 543 సీట్లనే 2011 జనాభాతో పంచితే కూడికలూ భాగహారాలూ ఇలా వస్తాయి. మనకు 42 నుంచి సుమారు 38, తమిళనాడుకు 39 నుంచి 32, ఉత్తరప్రదేశ్‌కు 80 నుంచి 89 లేదా 90. 2025 మార్చిలో చెన్నైలో స్టాలిన్ పెట్టిన సమావేశానికి రేవంత్ రెడ్డి, కేటీఆర్ ఇద్దరూ వెళ్లారంటే ఈ లెక్క ఎంత కలవరపెట్టిందో అర్థమవుతుంది.

రాజస్థాన్ ఓటరు ‘నా ఓటుకు విలువెందుకు తక్కువ?’ అంటే అది న్యాయమైన ప్రశ్న. ‘చెప్పిన మాట విని ఇద్దరితో ఆపినందుకు మాకు శిక్షా?’ అని కోనసీమ తల్లి అడిగితే అదీ న్యాయమే. ఈ రెంటినీ ఏ గణితమూ ఒకటి చేయలేదు, రాజకీయంగా మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. నా అభ్యంతరమల్లా ఒకటి. ఉత్తరం, దక్షిణం అన్న ఈ పెద్ద గొడవ కింద శేరిలింగంపల్లి, భద్రాచలం తేడా నలిగిపోతోంది. రాష్ట్రాల సీట్ల సంఖ్య కదపకుండానే లోపలి హద్దులు సరిచేయొచ్చని కుల్దీప్ సింగ్ కమిషన్‌తో మనకు 2008లోనే అనుభవమైంది.

సీట్లు పెంచుతామన్న మాట కూడా మనకు కొత్త కాదు. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ ఏపీ అసెంబ్లీకి 225, తెలంగాణకు 153 అని రాసింది. రాజ్యాంగం 170వ అధికరణకు లోబడి అని కూడా రాసింది. ఆ అధికరణ 2026 తర్వాతి జనగణన దాకా ఆగమంటోంది. జమ్మూకశ్మీర్‌కు 2022లో చేశారుగా, మాకెందుకు చేయరని వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది కేంద్రపాలిత ప్రాంతం, ఆ అధికరణ దానికి వర్తించదంది. ఆ జమ్మూకశ్మీర్ పునర్విభజననే చూస్తే, జనాభాలో 56 శాతం ఉన్న కశ్మీర్‌కు 47 సీట్లు, 44 శాతం ఉన్న జమ్మూకు 43. సరిహద్దు, కొండలు, రాకపోకలు లెక్కలోకి తీసుకున్నామని కమిషన్ చెప్పింది. న్యాయమూర్తి కూర్చున్న కమిషన్ గీసినా గీత మీద తగవు తప్పదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం మున్సిపల్ వార్డుల విషయంలో. అక్కడ న్యాయమూర్తి లేరు, అనుబంధ సభ్యులూ లేరు. మన రెండు రాష్ట్రాల్లోనూ వార్డుల హద్దులు రాసేది రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేసే అధికారులే. కేరళలో స్థానిక సంస్థల హద్దులకు రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన ప్రత్యేక కమిషన్ ఉంది. మనకూ అలాంటిది కావాలి. పైన వేసిన ఐదువందల ఓటర్ల లెక్క నిజంగా జరగడానికి అత్యంత అనువైన చోటు వార్డే. ఒక అపార్ట్‌మెంట్‌ను రోడ్డుకు అటు వేసినా ఇటు వేసినా ఫలితం తారుమారవుతుంది, దాన్ని కనిపెట్టే మనిషి ఉండడు.

పునర్విభజన కమిషన్ ముసాయిదాను గెజిట్‌లో వేయాలి. అనుబంధ సభ్యుల అసమ్మతి ఉంటే, వాళ్లు కోరితే దాన్నీ వేయాలి. గడువు పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ విచారణలు జరపాలి. ఆ హాల్లో మైకు దొరికేది ఎక్కువగా టికెట్ ఆశించే నాయకులకు, ‘మా నియోజకవర్గాన్ని రిజర్వుడు చేయొద్దు’ అనేవాళ్లకు. మామూలు ఊరివాళ్లు రాసిచ్చే అభ్యంతరం నిలబడాలంటే చట్టంలో ఉన్న కొలమానాలతోనే మాట్లాడాలి: నియోజకవర్గం వీలైనంత వరకు ఒక్కచోట కుదురుగా ఉండడం, కొండలూ వాగులూ, మండల సరిహద్దులు, రాకపోకల సౌకర్యం, జనం సౌలభ్యం. ‘మాకు ఆ ఎమ్మెల్యే వద్దు’ అంటే ఎవరూ వినరు. ‘వానాకాలం నాలుగు నెలలు మా మండలానికీ ఆ నియోజకవర్గ కేంద్రానికీ మధ్య దారి ఉండదు’ అంటే రాసుకుంటారు. దాంతో పాటు మండలాల వారీ జనాభా పట్టిక కూడా జతచేయాలి, ఎందుకంటే మా మండలం తీసేస్తే ఆ ఖాళీని ఏ మండలంతో నింపాలో చెప్పని అర్జీని పక్కన పడేయడం ఎవరికైనా సులువే.